కచ్చా కుట్టు

దర్జీ కూతురికి ఎనిమిదేళ్లు. వీధి వీధంతా దాన్ని బొంగరం అంటుంది. పుస్తకం తెరిచిన నిమిషానికే కిటికీ దగ్గర తేలుతుంది, మరు నిమిషానికి గుమ్మంలో. తిట్లయ్యాయి, దెబ్బలయ్యాయి. చివరికి ఆ మహానుభావుడు తనకొచ్చిన విద్యే ప్రయోగించాడు. మెత్త బిగించిన స్టూలు మీద పిల్లను కూర్చోబెట్టి, గౌను అంచును ఆ మెత్తకు కచ్చా కుట్టు వేశాడు. చిన్న గుంజుకి తెగిపోయే కుట్టే.

"తెగిందో, వీపు విమానం మోత మోగుతుంది," అన్నాడు.

పిల్ల కదల్లేదు. ఒక్క అక్షరం రాయనూ లేదు. అయినా ఆయన మీసం మెలేశాడు.

బడిలో టీచరమ్మ ఒక ప్రశ్నల కాగితం ఇచ్చింది. "ఇది పొగరు కాదండీ, ఏడీహెచ్‌డీ కావచ్చు. మనసు ఒకచోట నిలపడం తన చేతిలో లేదు. ఉన్నది ఉన్నట్టు నింపండి. అది చూసి, అవసరమనుకుంటేనే డాక్టరుగారు పిలుస్తారు."

దర్జీకి ఒళ్లు మండింది. నా పిల్లకు పిచ్చని నా చేత్తోనే రాసివ్వాలా? కూర్చున్న చోటు నుంచి లేచిపోతుందా? ఎప్పుడూ లేదు. పని మధ్యలో వదిలేస్తుందా? ఎప్పుడూ లేదు. పద్దెనిమిది ప్రశ్నలకూ అదే జవాబు. పైగా కూతురికి వేలు చూపించాడు.

"కుదురుగా కూర్చుంటావని రాసిచ్చాను. బడిలో లేచావంటే నా పరువు పోతుంది."

డాక్టరు పిలవలేదు. వారం తిరక్కుండా బడి నుంచే కబురొచ్చింది.

వెళ్లేసరికి పిల్ల బల్ల మీదే ఉంది. మూతి వాచింది, ముందు పళ్లు రెండు విరిగాయి. గౌను ముందంచూ వెనకంచూ బల్లచెక్క కిందకి లాగి, ఇంటి నుంచి తెచ్చుకున్న సూదీదారంతో కలిపి కుట్టేసుకుంది.

"ఆటల గంటంతా ఒక్కతే కుట్టుకుందట," అంది టీచరమ్మ. "అందరూ లేవండి అన్నాను. బల్లతో సహా బోర్లా పడింది. నాన్న వచ్చేదాకా తెంపొద్దని ఒకటే ఏడుపు. మీరు నిజం రాసుంటే డాక్టరుగారు ఈపాటికి చూసేవారు కదండీ."

దర్జీ కత్తెర తీసుకుని కింద కూర్చున్నాడు. కచ్చా కుట్టు కాదు. జంట దారంతో, దగ్గరదగ్గరగా, ఒక్క పోగు తప్పకుండా వేసిన గట్టి కుట్టు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల చివరిదాకా చేసిన పని అదొక్కటే. అది చూసి, దారానికి ఆనించిన కత్తెరను ఆయన వెనక్కి తీసుకున్నాడు.

పిల్ల రెండు చేతులూ వీపుకి అడ్డం పెట్టుకుంది.

"నేను లేవలేదు నాన్నా. పడ్డాను, అంతే."