సింకు వైపు ఉత్తరం

ఆ ఇంటి కోడలు పగలంతా ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. సాయంత్రమైతే ఫోనులో తల దూర్చేది. సైన్సు వార్తలు పంచుకునే ఒక పెద్ద ఆన్‌లైన్ గ్రూపుకి ఆమే అడ్మిన్. అక్కడ ఆమె మాటకి తిరుగులేదు. ఆధారం లేని పోస్టు తీసెయ్యడం, పెట్టినవాళ్లని సాగనంపడం ఆమె పని. ఆ పని కాస్త ఎక్కువ ఇష్టంగానే చేసేది.

భూమి అయస్కాంత ఉత్తర ధ్రువం జరుగుతోందన్న వార్తను ఆ వారం ఆమే పెట్టింది. దాని కింద ఒకరోజు పొద్దున్నే 'పిచ్చుక' అనే పేరుతో ఎవరో, సింకు పక్కన పెట్టిన ఫోనులోని దిక్సూచిని ఫొటో తీసి పెట్టారు. "మా వంటింట్లో ఉత్తరం సింకు వైపు చూపిస్తోంది. మీ ఇళ్లలో ఎలా ఉంది?" అని రాశారు. కోడలు పగలబడి నవ్వే బొమ్మొకటి పడేసింది. ఇక చూసుకోండి, గ్రూపు గ్రూపంతా ఎగబడింది. ఒకాయనైతే తన ఇంట్లో ఉత్తరం మంచం కింద దాక్కుందని రాశాడు.

మధ్యాహ్నం ల్యాబులో ఆ పోస్టు తీసెయ్యబోతూ ఫొటోను పెద్దది చేసి చూసింది. సింకు మీద మూల విరిగిన నీలం టైల్. పక్కన పొద్దున తాను బోర్లించిన కప్పు. పిచ్చుక ఎవరో కాదు, పగలు ఇంట్లో ఒక్కరే ఉండే అత్తగారే. బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని తానే దిక్కుల దగ్గరే నలుగురిలో నవ్వులపాలు చేసింది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు ముభావంగా కూర్చున్నారు. ఏదో గ్రూపులో చేరాననీ, రాత్రికి బయటికి వచ్చేస్తాననీ, ఇక ఎవరినీ ఏమీ అడగననీ చెప్పారు. కోడలు ఆ ఫోను ఓసారి చూపించమంది.

ఇద్దరూ దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగారు. హాల్లో ఉత్తరం టీవీ వైపు, వరండాలో చెప్పుల వైపు. ఫోను ఎటు తిప్పితే ఉత్తరమూ అటే తిరుగుతోంది.

"అంటే ఇది ఫోనునే అంటిపెట్టుకుని ఉందన్నమాట," అన్నారు అత్తగారు. ముభావం ఎటు పోయిందో తెలియదు. చటుక్కున ఫోను కవరు ఊడబీకారు. ముల్లు గిర్రున తిరిగి గోడ వైపు నిలబడింది. కవరు మూత అతుక్కోవడానికి అంచులో చిన్న అయస్కాంతం ఉంది. అత్తాకోడళ్లిద్దరూ చిన్నపిల్లల్లా కవరు పెట్టి చూశారు, తీసి చూశారు, మళ్లీ పెట్టారు.

ఆ సందడిలోనే కోడలు ధైర్యం చేసింది. "అత్తయ్యా, ఆ గ్రూపులో ముందు నవ్వింది..."

"తెలుసులే. ఆ నవ్వు పైన నీ పేరేగా ఉంది," అన్నారు అత్తగారు. "సాయంత్రమంతా అందులో ఏం చూస్తావో తెలిస్తే, నీతో నేనూ మాట్లాడొచ్చని చేరాను."

కోడలు తల దించుకుంది.

"ఏడుపు మొహం పెట్టకు. ఇంతకీ అసలు ఉత్తరం ఎందుకు జరుగుతోంది? వార్త పెట్టింది నువ్వేగా, చెప్పు."

కోడలు చదివింది శీర్షిక ఒక్కటే.

"తెలీదు అత్తయ్యా."

అత్తగారు కుర్చీ లాగి తన పక్కన వేశారు. "అయితే రా. చదువుదాం."