అరిగిన లాక్ నట్టు

బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మామగారికి అల్లుడి పనంటే చిన్నచూపు. కూతురింటికి వచ్చిన దగ్గర్నుంచీ అల్లుడి స్కూటర్ల రిపేరు షాపు ముందు కుర్చీ వేసుక్కూర్చుని, అతను ఏ పనిముట్టు పట్టినా మూతి విరిచేవాడు.

ఒకరోజు అల్లుడు ఎదురింటావిడ స్కూటరు వెనక చక్రం విప్పి, పంచరు వేసి మళ్లీ ఎక్కించాడు. ఇరుసు చివర బిగించే లాక్ నట్టు లోపల నైలాన్ రింగు ఉంటుంది. అది మరల్ని కరిచిపట్టుకుంటేనే కుదుపులకి నట్టు వదులవదు. చేత్తో తిప్పితే మధ్యలోనే మొరాయించాలి. అల్లుడు పాత నట్టునే వేళ్లతో తిప్పితే సీసా మూతలా చివరిదాకా పోయింది. పైన స్పానరుతో ఒక్క పట్టు పట్టి చేతులు దులుపుకున్నాడు.

కొత్త నట్ల డబ్బా అతని మోచేతి పక్కనే ఉంది. మామగారు ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. ఈ మొద్దు తలకి చెబితే ఎక్కుతుందా, నలుగురిలో గడ్డి పెట్టించుకుంటే గానీ బుద్ధి రాదు అనుకుని, కాలుమీద కాలేసుకున్నాడు.

వారం తిరక్కుండానే కూతురు ఎదురింటావిడ దగ్గర ఆ స్కూటరు అడిగి తీసుకుని బజారుకి బయల్దేరింది. మామగారు చూసి కేకేసేలోగా సందు మలుపు తిరిగిపోయింది. ఆయన చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు.

పెద్దరోడ్డు దగ్గర బండి పక్కకి ఒరిగి ఉంది. నట్టు ఎక్కడో ఊడిపోయింది. కూతురు గట్టు మీద కూర్చుని, దోక్కుపోయిన మోచేతికి అంటిన మట్టి తుడుచుకుంటోంది.

"నీ మొగుడు పాత నట్టే వేశాడమ్మా. వేళ్లతోనే చివరిదాకా తిరిగిపోయింది, కళ్లారా చూశాను."

"ఎప్పుడు చూశావు?"

"బిగించేటప్పుడే."

కూతురు తలెత్తింది. "ఆయనది బద్ధకం. మరి నీది?"



ఇంటికొచ్చాక ఆమె మొగుణ్ణి దులిపేసి, చేతిలో కొత్త నట్టు పెట్టింది. చక్రం పట్టుకోమని తండ్రికి పురమాయించింది. సగం దూరంలో నట్టు మొరాయిస్తే అల్లుడు స్పానరుతో అవస్థపడుతున్నాడు. ఇలాంటివాడికి పిల్లనిచ్చిన నన్ననాలి అనుకున్నాడు మామగారు.

"చాల్లేదు. ఇంకాస్త బిగించు," అన్నాడు పైకి.