బంతి చిక్కిపోయింది

తాళాల దుకాణం నడిపే తమ్ముడికి అక్క ముందు నోరు పెగలదు. ఆమె ఏళ్ళ తరబడి నర్సుగా చేసి, పెద్ద డాక్టర్లనే హడలగొట్టిన మనిషి. రిటైరయ్యాక ఒక్కతే ఉంటూ ఒక బొచ్చుకుక్కను పెంచుకుంటోంది. పిల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా దొర్లుతూ తిరిగేదని దానికి బంతి అని పేరు పెట్టింది.

ఆ ఆదివారం బంతికి స్నానం చేయించే పని తమ్ముడి మీద పడింది. నీళ్ళు పోయగానే బొచ్చు ఒంటికి అంటుకుపోయింది. చూస్తే లోపల ఉన్నది సగం కుక్కే.

"అక్కా, ఇది బాగా చిక్కిపోయింది."

"తడిస్తే నువ్వూ అలాగే ఉంటావు," అంది అక్క గుమ్మంలోంచి. "రెండు పూటలా కడుపునిండా పెడుతున్నాను. నాకు చెప్పొచ్చావా?"

అతను తువ్వాలు తెచ్చి బంతిని తుడిచాడు. కానీ మనసు ఊరుకోలేదు. మర్నాడు టీకా వేయించాలని వంక పెట్టి బంతిని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆమె బంతిని బల్లమీద నిలబెట్టి, పక్కటెముకల మీద వేళ్ళు ఆనించింది. తరవాత అతని చేతిని అందుకుంది.

"మీ చెయ్యి బల్ల మీద బోర్లా చాపి, రెండో చేత్తో వేళ్ళ వెనకాల తడుముకోండి. ఎముక తెలుస్తుంది, పైన కాస్త కండా తెలుస్తుంది. కుక్క పక్కటెముకలు అలా తగలాలి. ఇప్పుడు పిడికిలి బిగించి కణుపులు తడమండి."

తడిమాడు. గట్టిగా, గతుకులుగా తగిలాయి.

"ఇది ఇప్పుడు అలా ఉంది. పైనుంచి చూస్తే నడుము మరీ లోపలికి పోయింది. వెన్నెముక కూడా తేలింది. బొచ్చు కప్పేసింది గానీ, లేకపోతే ఎప్పుడో పట్టుకునేవాళ్ళు."

నోరు తెరిచి పళ్ళు చూసింది. రక్తమూ మలమూ పరీక్ష చేసింది. నులిపురుగులు లేవు, జబ్బూ తేలలేదు. ఒక్కసారిగా ఎక్కువ పెట్టొద్దనీ, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమనీ, మధ్యమధ్యలో తెచ్చి బరువు చూపించమనీ చెప్పింది.

"ఇంట్లో తిండి ఎవరు పెడతారు?"

"మా అక్క. నర్సుగా చేసింది."

"అయితే ఇంక బెంగలేదు," అంది డాక్టరమ్మ.

అతనూ అలాగే అనుకున్నాడు. కుక్కల తిండి సంచి ఒకటి కొని, అక్క వంటింట్లో దింపి వెళ్ళాడు.

కొన్నాళ్ళకు ఆ వీధిలోనే ఎవరిదో తలుపు తాళం పట్టేస్తే పనిమీద వచ్చి, అక్కను చూసిపోదామని తొంగిచూశాడు. బంతి లేచి రాలేదు. పడుకునే తోక ఆడించింది.

"దీనికి పెట్టావా అక్కా?"

"ఇప్పుడే పెట్టాను. గిన్నె నాకేసింది చూడు."

గిన్నెలో దుమ్ము ఉంది. సంచి మూతికున్న కుట్టు అతను తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అతను సంచి విప్పి, గుప్పెడు పోశాడు. బంతి ఊపిరి పీల్చుకోకుండా మింగేసింది.

"ఇందాకే తిని మళ్ళీ ఎంత ఆబో," అని నవ్వింది అక్క. అందులో అబద్ధం లేదు. ఆమె నిజంగానే పెట్టాననుకుంటోంది.

అతను ఫ్రిజ్ తెరిచాడు. కూర బూజుపట్టి ఉంది. పక్కనే పాలు విరిగిపోయి ఉన్నాయి. వెనక్కి తిరిగి, ఇన్నాళ్ళూ కుక్కను చూసిన కళ్ళతో మొదటిసారి అక్కను చూశాడు. జాకెట్టు భుజాల మీంచి జారుతోంది.

"నువ్వు తిన్నావా?"

"తినకుండా ఉంటానట్రా? నేనేమన్నా చిన్నపిల్లనా?"

బతిమాలి ఆమెనూ డాక్టరుకు చూపించాడు. మరుపు జబ్బు అన్నారు. మాత్రలు దాన్ని నెమ్మదించేలా చేస్తాయేమో గానీ వెనక్కి తిప్పలేవన్నారు. దుకాణం వెనకున్న తన ఇంటికొచ్చి ఉండమని అడిగితే, "మీ ఇల్లు తాళాల గుత్తిలా కిక్కిరిసి ఉంటుంది, ఎక్కడ పడుకోను?" అంది. గట్టిగా అడిగితే ఏడ్చింది. అక్క ఏడవడం అతను ఎన్నడూ చూడలేదు. అక్కడితో ఆగిపోయాడు.

పొద్దున దుకాణం తెరవకముందు, సాయంత్రం మూశాక అక్కకు క్యారేజీ పట్టుకుని రావడం మొదలుపెట్టాడు. బంతి త్వరగానే తేరుకుంది. తరవాత ఇంకా ఒళ్ళు చేసింది. బరువు చూసిన డాక్టరమ్మ, "చాలు, ఇంక తగ్గించండి, నడుము ఒంపే కనబడట్లేదు," అంది. తను కొలిచి పెట్టే తిండికి అంత ఒళ్ళెలా వచ్చిందో అతనికి అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం అక్కతోపాటు తనూ కంచం పెట్టుకుని కూర్చున్నాడు. "ఇందాకే తిన్నాన్రా," అంది.

"నాకు తోడుగా తిను."

రెండు ముద్దలు తింది. తరవాత ఆమె చెయ్యి బల్ల కిందికి వెళ్ళింది. కింద బంతి మెల్లగా, అలవాటైన దానిలా నమిలింది.

"అక్కా, అది నీకు."

"పాపం, పొద్దుటినుంచీ దానికెవరూ ఏమీ పెట్టలేదురా," అంది అక్క. ఇంకో ముద్ద కలిపి కిందికి దించింది.

అతను లేచి బంతిని గదిలో పెట్టి తలుపు వేశాడు. లోపలినుంచి అది తలుపు గీరడం మొదలుపెట్టింది. అక్క చెయ్యి కడిగేసుకుని లేచింది.

"దాన్ని ఆకలితో మాడుస్తావా? తీయరా తలుపు."

అతను కాసేపు గొళ్ళెం పట్టుకుని నిలబడి, తలుపు తీశాడు.