ఇంటాయన మూర

ఉప్పలయ్య మేస్త్రి మూరకట్టె కోసిన పొద్దున నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. మా ఆయన మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా కొలిచి, ఆ కొలతకు వెదురు కోశాడు. మా వైపు ఏ ఇల్లైనా ఇంటాయన మూరతోనే లేస్తుంది. దర్వాజ ఎత్తు, అర్ర వెడల్పు, పొయ్యి గద్దె, అన్నీ ఆ కట్టె చెప్పినట్టే.

మా ఆయన సిద్దిపేటలో వకీలు. హైదరాబాదు బంగళాలు చూసి వచ్చారు. "ఇంటి నడుమ ఆకాశం కనవడే వాకిలి, గా భవంతి, మన తాతల తీరే ఉండాలె. కిటికీలకు మాత్రం రంగు అద్దాలు," అని మేస్త్రికి నేల మీద గీసి చూపించారు.

నేను అడిగింది ఒకటే. పొయ్యి ముందు కూర్చుంటే నా మొహానికి ఎదురుగా, భవంతి వైపు తెరుచుకునే కిటికీ. పాత వంటింటికి కిటికీ లేదు. అత్తమ్మ దుర్గవ్వ ఆ పొగలోకి కోడలై వచ్చి, ఆ పొగలోనే చూపు పోగొట్టుకుంది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తుంది. నాకు ఈ ఏడు సూదిలో దారం ఎక్కడం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"గంత కిందికా? భవంతిల కక్షిదారులు కూసుంటరు. నువ్వు రొట్టె కొడుతుంటే గాళ్లు చూడాల్నా?" అన్నారు మా ఆయన.

"పొగ పోవద్దా?"

"పొగ భవంతిలకొస్తే కొత్త సున్నం ఏం గావాలె?"

నేను మేస్త్రి వైపు చూశాను. ఉప్పలయ్య నవ్వాడు. "వకీలుసాబ్ తోని వాదిచ్చి గెలిచినోళ్లు ఉన్నరా అమ్మా?"

అరుగు మీద నుంచి అత్తమ్మ అంది: "కిటికీలెందుకు పిల్లా. కండ్లు లేకున్నా నా చెయ్యికి ఉప్పుకుండ దొరుకుతలేదా?"

కిటికీ పెట్టించారు. నేను అడిగితే పెట్టించానని చుట్టాలందరికీ చెప్పారు. ఆయన మూరతో కొలిచి, ఆయన నిలబడితే కళ్లకు అందే ఎత్తున పెట్టించారు. అద్దాన్ని సున్నంలో బిగించారు. తెరుచుకోదు.

పాలు పొంగించిన రోజు ఆడబిడ్డ కొమురవ్వ ఆ అద్దం చూసి, "నీదే కిస్మత్ వదినె, రాణి లెక్క రంగుల కింద కూసుంటవు," అంది. ఎరుపు, పచ్చ నా తల మీదుగా పోయి అవతలి గోడ మీద పడ్డాయి. కింద పొగ నిలిచింది. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"సూడున్రి, సంబురానికి ఏడుస్తున్నది," అంది ఆడబిడ్డ. అందరూ నవ్వారు.

చుట్టాలు పోయాక అత్తమ్మ వంటింట్లోకి వచ్చింది. గోడ తడుముకుంటూ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని గాలి పీల్చింది. "గిది పాత తీరే ఉన్నది," అంది. ఆమెకు నచ్చింది.

ఆమె పక్కన కూర్చున్నాను. ఉప్పుకుండ ఎడమకు, కారం దాని వెనక్కి జరిపాను. పాత ఇంట్లో ఆమె పెట్టుకున్న వరుస అది. తర్వాత కళ్లు మూసుకుని, ఉప్పు కోసం చెయ్యి చాపాను.