ఎగ్జిబిషన్‌లో కొన్న బుట్ట

నేను ఒక వైరు బుట్టను. చిలకాకుపచ్చ రంగు, మధ్యలో తెల్లగళ్ళు, రెండు పిడులు. నన్ను అల్లిన మనిషి త్రిపురాంబ. తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన శేషారత్నమూ ఆ ఏడే రిటైరయింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ మాటలు కలపడంతోనే సరిపోయిందట ఇద్దరికీ. తమ మాటలకు ఇప్పుడు తీరిక దొరికింది.

రోజూ భోజనాలయ్యాక రత్నం వచ్చేది. త్రిపురాంబ వరండాలో చాప పరిచి వైరు కట్ట విప్పేది. బారలు కొలిచి కత్తిరించడం రత్నం పని, అల్లడం త్రిపురాంబ పని. నన్ను అల్లే రోజుల్లో ఒకసారి రత్నం తమ పాత సూపర్‌వైజరు నడక నడిచి చూపించి, నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఒక వైరును జానెడు తక్కువ కత్తిరించింది.

"పోనీలేవే, అతుకేస్తాను. ఇది నీకే కదా, ఎవరు చూడొచ్చారు!" అంది త్రిపురాంబ.

అలా నా అడుగున ఒక అతుకు ముడి పడింది. నాకు అదంటే భలే గర్వం. ఇద్దరు స్నేహితురాళ్ళ నవ్వును ఒంట్లో పెట్టుకుని పుట్టిన బుట్టలు ఎన్నుంటాయి చెప్పండి!

రత్నం నన్ను కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి, పాలిథిన్ కవరు తొడిగి బీరువా మీద పెట్టింది. ఎంత అపురూపమో అని మురిసిపోయాను. మనుషులు అపురూపంగా దాచేవాటిలో సగం ఇంకొకరికి అంటగట్టడానికేనని అప్పటికి నాకేం తెలుసు? నా పక్కన జాకెట్టు ముక్కలూ స్టీలు గిన్నెలూ ఉండేవి. ఎవరింట్లోనైనా శుభకార్యమంటే చాలు, వాటిలో ఒకటి మాయమయ్యేది. చివరికి నా వంతూ వచ్చింది. పక్కవీధి ఝాన్సీ గృహప్రవేశానికి పళ్ళు మోసుకుంటూ వెళ్ళాను.

శ్రావణ శుక్రవారం ఝాన్సీ పేరంటం పెట్టింది. నన్ను చేతికి తగిలించుకుని తాంబూలాలు పంచుతూ వచ్చి ఒకరి ముందు ఆగింది. చూద్దును కదా, త్రిపురాంబ! పక్కనే రత్నం. నాకు ప్రాణం లేచొచ్చింది. త్రిపురాంబ నన్ను చూసి, నమ్మలేనట్టు చెయ్యి చాచి నా అడుగు తడిమింది. అతుకు ముడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"బుట్ట బావుందా పిన్నిగారూ? మా గృహప్రవేశానికి రత్నం పిన్నిగారే ఇచ్చారు. బెజవాడ ఎగ్జిబిషన్‌లో కొన్నారట," అంది ఝాన్సీ. "మీరూ అల్లుతారటగా, ఇలాంటిది వచ్చా మీకు?"

రత్నం తల వంచుకుని చేతిలో శనగలు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది. నేను అల్లిందేనమ్మా అని త్రిపురాంబ ఒక్క మాటంటే చాలు, నా పుట్టుక నాకు దక్కుతుంది. ఆవిడ నోరు విప్పింది.

"అబ్బే, ఇంత బాగా నాకెక్కడ వస్తుందమ్మా!"

"అయితే దీన్ని మీరే తీసుకెళ్ళండి. చూసి నేర్చుకుందురుగాని," అంటూ ఝాన్సీ నన్ను ఆవిడ ఒళ్ళో పెట్టేసింది.

రత్నం వెనకాలే ఇంటిదాకా వచ్చింది.

"ఒసే త్రిపురా, ఇంటినిండా నువ్విచ్చినవే కదే. ఎన్నని వాడను?"

"వద్దని నాతో అనలేకపోయావా? పోనీ ఇచ్చావు, ఇచ్చావు. కొన్నానని ఎందుకు చెప్పావే?" అంది త్రిపురాంబ.

"ఇంట్లో అల్లిందంటే చవగ్గా తేల్చేశాననుకుంటారేమోనని..."

త్రిపురాంబ లోపలికెళ్ళి కాఫీ కలుపుకొచ్చి ఇచ్చింది.

రత్నం ఇప్పటికీ వస్తుంది. కబుర్లూ నడుస్తాయి. వైరు కట్ట మాత్రం ఎవరూ విప్పరు. త్రిపురాంబ నన్ను కూరగాయలకు పట్టుకెళ్తుంది. బీరువా మీద ఊపిరాడక పడుండేకంటే ఈ వంకాయలూ గోంగూర కట్టలే నయం. కానీ బజారులో ఎవరో ఒకరు ఆపుతారు.

"బుట్ట భలే ఉందండీ, ఎవరల్లారు?"

"ఏమోనమ్మా, ఎవరో ఇచ్చారు," అంటుంది నన్ను అల్లిన మనిషి.

రత్నం మీద కోపం నాకెప్పుడో చల్లారింది. ఈ మాట విన్న ప్రతిసారీ మాత్రం నా కడుపు మండిపోతుంది.