నిండు నిమిషం

హెడ్ నర్సు పెద్దక్క, మర తాత మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే నిలబడింది. చూపు మాత్రం అతని పొట్ట మీద ఉంది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరు మార్చేస్తాడు. అందుకే ముప్పై ఏళ్లుగా ఈ చిన్న దొంగతనం. తక్కిన నర్సులు పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తారు. ఆమె నిండు నిమిషం కదలదు. పగిలిన మడమలు, మెడకు వేలాడే కళ్లజోడు, చీర మీది కోటు జేబుకు తలకిందులుగా గుచ్చిన గడియారం. ఆమె గురించి వార్డులో చెప్పుకునేందుకు ఇంకేమీ లేదు.

ముప్పై ఎనిమిది. ఇరవై దాటకూడదు.

తాత ఎదుటి బల్ల మీద దిండు వేసుకుని, దానికి మోచేతులు ఆన్చి ముందుకు వంగి కూర్చున్నాడు. నలభై ఏళ్లు పిండిమర నడిపి, ఆ దుమ్మంతా మింగిన మనిషి. నిన్నటిదాకా దగ్గుతో వార్డును హోరెత్తించాడు.

"ఇవాళ దగ్గే లేదు పెద్దక్కా. నాన్న నిమ్మళంగా ఉన్నాడు," అంది కూతురు.

చార్టులో పొద్దున చిన్న నర్సు రాసిందీ అదే: 'దగ్గు తగ్గింది. కఫం లేదు. మెరుగు.'

"తాతా, ఒక్కసారి గట్టిగా దగ్గు."

అతను నోరు తెరిచాడు. గొంతులో కుండలో నీళ్లు కదిలినట్టు చప్పుడైంది. అంతే.

"మర... పట్టేసింది... అమ్మా," అంటూ నవ్వబోయాడు.

పెద్దక్క డాక్టరుకు కబురు పెట్టి చార్టు అందుకుంది. 'దగ్గే బలం లేక కఫం లోపలే నిలిచింది. పెదవులు నీలం. శ్వాస ముప్పై ఎనిమిది.'

"రోగం పేరు డాక్టరు రాస్తాడు," అంది పక్కన నిలబడ్డ చిన్న నర్సుతో. "ఈ గంటలో మనిషికి ఏది చేతకావడం లేదో మనం రాయాలి."

గొట్టం వేసి కఫం లాగారు. గంటకు పెదవుల నీలం తగ్గింది. తాత ఒక్క ఊపిరిలో నిండు మాట అన్నాడు: "పొద్దుట్నించీ ఏమీ తినలేదు నువ్వు, వెళ్లి తినిరా."

కూతురు వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి, తాత దిండు మీద తల వాల్చి ఉన్నాడు. గుండె అలిసి ఆగిపోయిందన్నాడు డాక్టరు.

సాయంత్రం చిన్న నర్సు చార్టు పట్టుకుని నిలబడింది.

"ఈ కాగితం చింపేయనా అక్కా?"

"వద్దు. 'మెరుగు' మీద ఒక్క గీత కొట్టు, కింద మాట కనపడేట్టు. పక్కన సంతకం పెట్టు."

"నావల్లేనా?"

"ఆ ఊపిరితిత్తులు ఎప్పుడో అయిపోయాయి. పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా పడ్డ ఆయాసం మాత్రం మనదే." కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నీ ఈడులో నేనూ రాశా, మెరుగు అని. చింపేశా. ఇప్పటికీ చదువుతూనే ఉన్నా."

చిన్న నర్సు గీత కొట్టింది.

మంచం ఖాళీ అయింది. బల్ల మీది దిండులో రెండు మోచేతుల గుంటలు ఇంకా పూడలేదు.