మట్టి మీద కోపం

మనిషి మీద కోపం వస్తే నాలుగు మాటలని ఊరుకోవచ్చు. డ్రైవింగ్ మాస్టారికి పెరటి మట్టి మీద వచ్చింది కోపం. వచ్చి ఐదు నెలలైనా దిగలేదు.

కారణం లేకపోలేదు. ఐదు నెలల కిందట, జిల్లా జట్టు సెలక్షన్లకి ఇంకా పదిహేను రోజులున్నాయనగా, ఆయన కూతురు పిచ్చుక పెరట్లో గోడకేసి టెన్నిస్ బంతి కొడుతూ పడిపోయింది. అప్పటికి వాన వెలిసి గంటైనా కాలేదు. మోకాల్లో లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అయింది. చెంగుచెంగున గెంతే పదహారేళ్ల పిల్ల గోడలు పట్టుకుని నడవాల్సి వచ్చింది. పడిన చోట బంకమన్నులో జానెడు పొడవున కాలు జారిన చార మిగిలింది. దాన్ని చూడగానే నేరం ఎవరిదో ఆయన అక్కడికక్కడే తేల్చేశారు.

అందుకే ఈ టర్ఫ్ కోర్టు. పెరడంతా తవ్వించి, కింద రాయి వేయించి, పైన ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తే ఇక జారడమన్న మాటే ఉండదు. వచ్చే ఏడాది సెలక్షన్లకి పిచ్చుక దాని మీదే తయారవుతుంది. ఇదీ ఆయన ఆశ. ఈ మాట విని భార్య ఏదో చెప్పబోయి నీళ్లు నమిలింది. పిచ్చుక మాత్రం నీ ఇష్టం నాన్నా అంది.

టర్ఫ్ మేస్త్రి వచ్చి మట్టిని పిడికిట్లో పిసికి చూశాడు. బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, కింద అది కదిలిందంటే పైన కోర్టంతా గతుకులే అన్నాడు. ఎనిమిది అంగుళాలు తవ్వితే చాలన్నాడు. అడుగు తవ్వాల్సిందేనన్నారు మాస్టారు. మరీ లోతైతే తొట్టిలో నిలిచినట్టు నీళ్లు నిలుస్తాయని మేస్త్రి నచ్చజెప్పబోతే, అయితే నీళ్లు పోవడానికి ఇంకో పైపు వెయ్యమన్నారు గాని, ఒక్క అంగుళం దిగిరాలేదు. మేస్త్రి తల గోక్కుని సరేనన్నాడు.

తవ్వకం మధ్యలో వాన పడింది. తడి మీద తవ్వితే అంతా ముద్దయిపోతుంది, నాలుగు రోజులు ఆరనివ్వండి అని మేస్త్రి చెప్పి వెళ్లాడు. మాస్టారు ఆగితేగా! పొద్దుటి క్లాసులు ముగించుకుని పార పుచ్చుకుని దిగిపోయారు. ఒక్కో బూటుకి కిలోల లెక్కన అంటుకున్న మన్నుని పుల్లతో గీరుతూ, దాని ఏడు తరాలనీ ఎత్తి తిట్టారు.

"మట్టిని తిడితే ఏం లాభమండీ?" అంది భార్య.

"దీనికి సిగ్గుంటేగా," అన్నారు మాస్టారు.

వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న పిచ్చుక నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. ఆ నవ్వుకి ఆయన ఇంకో గంట తవ్వారు. తర్వాత మేస్త్రి వచ్చి ఆ ముద్దంతా ఎత్తిపోసి మళ్లీ చదును చేసుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

అక్కణ్ణుంచి పని చకచకా సాగింది. మన్ను పైకి ఎగదన్నకుండా ముందు దళసరి గుడ్డ పరిచారు. దాని మీద చిల్లుల పైపులు, కంకర, రాతిపొడి. పొరపొరకీ రోలర్ తిప్పారు. ప్రతి పొరా అయ్యాక మాస్టారు కూతుర్ని పిలిచి, ఇది ఎందుకో, అది ఎందుకో పాఠం చెప్పేవారు. ఆమె అన్నిటికీ తలూపేది. గడ్డి ఏ రంగు కావాలంటే నీకేది నచ్చితే అదే అంది. పిల్లకి ఇంకా నీరసం పోలేదని ఆయన అనుకున్నారు.

గడ్డి చుట్టలు పరిచి, అతుకులు అంటించి, తెల్ల గీతలు అమర్చి, ఇసుక చల్లి బ్రష్షు కొట్టారు. చివరి రోజు మేస్త్రి గొట్టంతో అరగంట నీళ్లు పట్టాడు. చుక్క నిలవలేదు. మాస్టారు మేస్త్రి చేతులు రెండూ పట్టుకుని ఊపేశారు. ఆయన కళ్లలో నీళ్లు చూసి మేస్త్రి సామాను సర్దుకునే వంకతో పక్కకి తిరిగాడు.

మేస్త్రి వెళ్లాక, ఆ మధ్యాహ్నమే, మాస్టారు రాకెట్‌కి కొత్త గ్రిప్ చుట్టి కూతురి చేతిలో పెట్టి కోర్టులోకి నడిపించారు. ఆడక్కర్లేదు, ఒక్కసారి నిలబడు చాలన్నారు. గట్టిగా తొక్కి చూడమన్నారు.

పిచ్చుక తొక్కింది. "జారదు నాన్నా," అంది. రాకెట్ కింద ఆనించి, "ఆ రోజు కూడా నేను జారి పడలేదు," అంది.

మాస్టారికి అర్థం కాలేదు. జారిన గుర్తు తన కళ్లారా చూశానన్నారు.

"ముందు మోకాలు మడత పడిపోయింది. ఆ తర్వాతే కాలు జారింది. అప్పటికే రెండు నెలల నుంచి నొప్పిగా ఉండేది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

పిచ్చుక రాకెట్ వంకే చూస్తూ, "చెప్పాను," అంది.

చెప్పింది. ఎక్కడ చెప్పిందో కూడా ఆయనకి గుర్తొచ్చింది. కార్లో, ఎర్ర లైటు దగ్గర. మోకాలు పట్టేస్తోంది నాన్నా అంటే, సెలక్షన్లు దగ్గరపడితే అందరికీ ఏదో ఒక నొప్పి పుట్టుకొస్తుందిలే అని నవ్వి, పచ్చ లైటు పడగానే బండి కదిలించారు. పక్క సీట్లో కూర్చుని, ఏ కొత్తవాడి కాలు క్లచ్ మీద ఎప్పుడు వణుకుతుందో ఇట్టే పట్టేసే మనిషి ఆయన. కన్నకూతురు నోరు తెరిచి చెబితే పట్టించుకోలేదు.

"ఇక ఆడకూడదని డాక్టర్ చెప్పేసింది. పోయిన నెలే. అమ్మకి తెలుసు."

మాస్టారు కాలి కింది గడ్డి వంక చూశారు. "మరి ఇదంతా ఎందుకు వేయనిచ్చావు తల్లీ?"

"నువ్వు మట్టిని తిడుతున్నంతసేపూ నిన్ను నువ్వు తిట్టుకోవు కదా అని."

మాస్టారు ఉన్నచోటే కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పిచ్చుక ఆయన పక్కన కూర్చోబోయింది. మోకాలు అంతవరకూ వంగలేదు. నిలబడే నాన్న తల మీద చెయ్యి వేసింది.